పడవ వైద్యం

సీతమ్మధారలో చేపలమ్మే చిట్టమ్మకి సలహాలంటే ఒళ్లుమంట. స్కూటీ ఆపగానే ఫ్లాట్ల మేడమ్‌లు మొదలెడతారు. "కాస్త నిటారుగా నిలబడొచ్చుగా, చిట్టమ్మా!" నిటారుగా నిలబడటం తను మరిచిపోయినట్టు! మెలితిరిగిన వెన్నుని బద్ధకం అనుకునేవాళ్లకి చెప్పడం దండగని, ఆమె వంజరం ధర మాత్రమే చెబుతుంది.

సొంతూరు యారాడలో అయినవాళ్లు అంతకన్నా ఘనులు. తలమీద గంప మానేసి, బరువు రెండు పక్కలా సమానంగా తూగేలా స్కూటీకి ట్రేలు కట్టించుకుంటే, మహారాణి బయల్దేరిందని ఇకిలించారు. చిన్నప్పుడు ఆమె కుడిభుజం పైకి లేచినప్పుడు తండ్రి చేసిన వైద్యం ఇంకా గొప్పది. పడవ ఓ పక్కకి ఒరిగితే వలలు రెండో పక్కకి జరపాలి. ఆడపిల్ల ఒళ్లూ అంతేనని, లేచిన భుజం మీదే రోజూ నీళ్ల బిందె మోయించాడు. ఆ బిందె వంకరని తీర్చలేదు సరికదా, వైద్యం పనిచేసే వయసుని మింగేసింది.

ఇప్పుడు కూతురు దేవికీ అదే వంకర. ఎదుగుదల ఆగేలోపు ఒంటిచుట్టూ డబ్బాలాంటి గట్టి బెల్టు వేస్తే వంపు ముదరకుండా ఆపొచ్చని, ఆలస్యమైతే చేతులెత్తేయడమేనని డాక్టరు చెప్పాడు. ఆ బెల్టు చూసి బళ్లో పిల్లలు నవ్వుతున్నారని, వేసుకోనని దేవి రోజూ పేచీ పెడుతోంది.

ఆ ఆదివారం చిట్టమ్మ బేరం ముగించుకుని ఇంటికొచ్చేసరికి బెల్టు తడిలుంగీ పక్కన తీగమీద వేలాడుతోంది. దేవి కుడిభుజం మీద నిండుబిందె. గట్టుమీద చిట్టమ్మ అన్న సింహాద్రి కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏటిది?"

"గుంటకి ఆ డబ్బా ఎందుకే? ఊరంతా నవ్వుతాది. అయ్య సేసిన వైద్యమే సేత్తన్నాను. పడవ సరిసేసేవోడికి ఈపు ఓ లెక్కా?"

చిట్టమ్మకి కోపం రాలేదు. కోప్పడాలన్నా ఎదుటివాడిలో కాస్త సరుకుండాలి.

"పడవ పోతే ఇంకోటి కొంతావు అన్నియ్యా. నా కూతురికి ఇంకో ఈపు కొనిత్తావా?"

"నీకేటయిందే? బతకట్లేదా?"

దేవి ఆశగా తల్లివైపు చూసింది. అమ్మకేమీ కాలేదుగా, నాకూ ఏమీ కాదన్న ఆశ. ఇన్నేళ్లూ పైట కప్పుకుని వీపు దాచడం ఎంత తెలివితక్కువ పనో చిట్టమ్మకి అప్పుడు తెలిసింది. కూతురి భుజం మీంచి బిందె దించి, వెనక్కి తిరిగి పైట తప్పించింది.

"సెయ్యెట్టి సూడే."

దేవి వేళ్లు మెడ కింద మొదలై పక్కకి జారాయి. పొడుచుకొచ్చిన ఎముకల దగ్గర ఆగిపోయాయి.

"నొప్పెడతాదా, అమ్మా?"

"రోజూ."

దేవి మావయ్యకేసి చూడనైనా చూడలేదు. తీగమీది బెల్టు తీసుకొచ్చి తల్లి చేతిలో పెట్టి, చేతులు పైకెత్తి నిలబడింది.

"బిగించమ్మా."