సముద్రం అడుగున సాంచెల సైగ

నేను నేసిన ప్రతి చీర మీదా ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అసలు ఆ రోజుల్లో సూరత్‌లో నాకు అబద్ధమాడే అవకాశమే తక్కువ. ఖటోదరాలో సాంచెల షెడ్డులో, అంటే కరెంటు మగ్గాల మీద, పని. మగ్గాల మోతలో పక్కవాడి మాట కూడా వినపడదు గనక అందరం చేతి సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళం. సైగలతో ఎంతని కోతలు కోస్తాం? ఆ కరువంతా చాయ్ దగ్గర తీర్చుకునేవాణ్ణి. దీవుల దగ్గర సముద్రం అడుగుకు దిగానని, అక్కడి చేపలకు చీరల్లాగే అంచూ కొంగూ ఉంటాయని (నేను చూసిన సముద్రమల్లా డుమస్ ఒడ్డున మోకాలి లోతు బురదనీళ్ళే) చెబుతుంటే, ఒకనాడు మా సేటు వెనకాల నిలబడి విన్నాడు.

ఆయన చీరలు ఆ ఏడు సలాబత్‌పురా దుకాణాల్లో కదలడం లేదు. దీపావళికి షెడ్డు మూసి కుటుంబంతో అండమాన్ పోతున్నాడట. "తూ భీ చల్. మునిగి చేపల రంగులు చూసి రా. డిజైన్ నడిచిందా, సాంచె వదిలి డిజైన్ గదిలో కూర్చుంటావ్. నడవలేదా, ఆ చేపల దగ్గరే ఉండిపో!" అన్నాడు. డిజైన్ గది అంటే ఫ్యాను కింద కుర్చీ, చెవులకు శాంతి. ఎలా కాదంటాను?

పక్క సాంచె నడిపే మా బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఏందిరా బామ్మర్ది, బకెట్ల నీళ్లు జూస్తెనే వణుకుతవ్! జర సేటుకు నిజం చెప్పరాదు?"

"చెప్తె కుర్చీ పోతది బావా."

"చెప్పకుంటె పానం పోతది గదరా!"

అండమాన్‌లో నా వీపుకు గాలి సిలిండరు కట్టి, కళ్ళకు అద్దం తొడిగి, నోట్లో గొట్టం పెట్టి, శిక్షకుడు వెనకనుంచి పట్టుకుని నీళ్ళలోకి దించాడు. (ఈత రాకపోయినా ఫర్వాలేదట. ముందే తెలిస్తే అన్ని మొక్కులు మొక్కేవాణ్ణి కాదు.) గట్టిగా కళ్ళు మూసుకున్నాను. భయంలో అతను నేర్పిన సైగలన్నీ మరిచి, చేతికి అలవాటైన సైగే చేశాను. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే మా షెడ్డులో "పోగు తెగింది, సాంచె ఆపు" అని. అతనేమో పీతను చూపించమంటున్నాననుకుని సంబరంగా ఇంకా లోతుకు లాక్కుపోయాడు. నేను ఇంకా గట్టిగా కత్తెర ఆడించాను. ఇంకా లోతుకు పోయాం.

పైకి రాగానే పడవలోంచి సేటు అరిచాడు. "క్యా దేఖా? రంగ్ బోల్!"

ఎదురుగా శిక్షకుడు విప్పుతున్న రబ్బరు ఈత చెప్పులు కనిపించాయి. "పసుపు ఒళ్ళు సేట్‌జీ, నల్లంచు!" అన్నాను.

ఆ పసుపు చీర కోసం జనం ఎగబడ్డారు. నాకు కుర్చీ వచ్చింది. ఇప్పటికీ అందులోనే ఉన్నాను. బావ మా అక్కకూ ఒక చీర కొని, "ఇది ఏం చాపరా?" అని అడిగాడు. ఎప్పుడూ జంటగానే తిరిగే చేప అని చెప్పాను.

ఇక ఒట్టు వేశాను గనక ఒప్పుకోవాలి. కళ్ళు మూసుకునే ఉన్నాననేది నా కల్పన. పీత కోసం తీసుకుపోయిన రాతి దగ్గర కళ్ళు తెరిచాను. వేలెడంత చేప, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలు, నా కళ్ళద్దం దాకా ఈదుకుంటూ వచ్చి, ఎవడ్రా నువ్వు అన్నట్టు చూసింది. అన్నేళ్ళలో మొదటిసారి నా చెవుల్లో సాంచెల మోత ఆగిపోయింది. ఎందుకో దాన్ని సేటుకు అమ్మబుద్ధి కాలేదు. బావకొక్కడికే ఉన్నదున్నట్టు చెప్పాను.

"గిట్ల సప్పగ చెప్తె ఎవడు నమ్ముతడ్రా? జర అంచన్న పెట్టు!" అన్నాడు.

పెట్టలేదు. కానీ ఈ కుర్చీలో ఊరికే కూర్చున్నప్పుడు, ఈ వయసులో, నా రెండు వేళ్ళూ వాటంతటవే కత్తెర ఆడిస్తుంటాయి. లోతుకు లాక్కుపోయేవాడే లేడు.