నిన్నటి తోడు

మా పీహెచ్‌డీ గైడు మేడం పోయారని ఫోన్ వచ్చేసరికి, నేను అప్పుడే బంగారు ద్రావణంలో తోడు వేసి సీసాను పక్కన పెట్టాను. అవతల ఆమె భర్త. "మీ మేడం పోయింది బిడ్డా," అన్నారు. "సరే సార్," అన్నాను. ఇదేం జవాబని ఇప్పుడు అనిపిస్తోంది. ఇప్పటికీ ఏడుపు రాలేదు.

తోడు అన్నది ఆమె మాటే. నాందేడ్‌లో మా ల్యాబంతా మరాఠీ; దాన్ని అందరూ సీడ్ అంటారు. కంటికి కనిపించని బంగారు రేణువులవి. బంగారు లవణం కలిపిన నీళ్లలో ఓ చుక్క వేస్తే, వాటి మీదే కొత్త బంగారం చేరి పెరుగుతాయి. మేడంది తెలంగాణ సరిహద్దు ఊరు కుండల్‌వాడి. తెలుగు మనిషి దొరికితే వదిలేవారు కాదు.

"సీడేంది? పాలల్ల తోడేసినట్టే గద. ఏసినంక కదపొద్దు."

ఆ మాట పట్టుకుని, పెరుగుకు దాచినట్టు ఒకసారి నిన్నటి సీడ్ దాచి వాడాను. ఏమీ రాలేదు. మేడం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"పెరుగుకు నిన్నటి తోడు నడుస్తది పిల్లా. దీనికి నడ్వది. పొద్దుగాల కొత్తది చేసుకోవాలె."

నాకు కావలసినవి కడ్డీల్లాంటి పొడుగు రేణువులు. ఎన్నిసార్లు చేసినా గుండ్రంగా వచ్చి సీసా ఎర్రబడేది. ద్రావణంలోని సబ్బులాంటి పదార్థం పక్కలను అంటిపెట్టుకుంటేనే బంగారం కొసలకు చేరి రేణువు పొడుగు సాగుతుంది. "పక్కల పట్టుకునేటోళ్లుంటెనే ఎవలైనా పొడుగు పెరుగుతరు," అని వీపు తట్టేవారు. దవాఖానా మంచం మీద నుంచి కూడా అదే అడిగారు.

"పొడుగైనయా?"

"ఇంకా కాలే మేడం."

గోదావరి ఒడ్డున అన్నీ అయ్యాక ల్యాబుకు వచ్చి చూశాను. ఫోన్ వచ్చినప్పుడు పక్కన పెట్టిన సీసా ఎర్రబడలేదు. గోధుమ రంగు తిరిగింది. యంత్రంలో పెట్టి చూస్తే కడ్డీలే. ఎవరికి చెప్పాలో తెలియక మూత బిగించి పెట్టాను.

మర్నాడు పొద్దున కొత్త తోడు చేద్దామని సబ్బు ద్రావణం తీశాను. చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది. వేడినీళ్లలో పెడితే చాలు. కానీ మేడం ఆ సీసాను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కబుర్లు చెబుతూ కరిగించేవారు. నేనూ అలాగే పట్టుకుని కూర్చున్నాను. నా చేతులు చల్లబడ్డాయి గానీ, ఆ తెలుపు కరగలేదు.