కట్టినోళ్ల తొలిరోజు

మా కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త హోటల్ తెరిచే ముందు రోజు, దాన్ని కట్టిన మేస్త్రీలు, కూలీలు, పెయింటర్లు ఇంటిల్లిపాదీ వచ్చి అందులో అతిథులుగా ఉంటారు. వాళ్లు వాడి చూశాకే బయటివాళ్లకు గదులిస్తాం. ఏ నల్లా కారుతుందో, ఏ తలుపు బిగుసుకుంటుందో వాళ్లే చెప్పేస్తారు.

ఇది పెద్దసారు పెట్టిన పద్ధతి. ఆయన మొదట్లో కొనేవాళ్లను స్కూటరెక్కించుకుని, ముళ్లకంపల మధ్య తిప్పి ప్లాట్లు అమ్మిన మనిషి. ఆ సంపాదనతో మట్టెవాడలో లాడ్జి కట్టారు. తర్వాత హనుమకొండలో రెండు హోటళ్లు, ఒక ఫంక్షన్ హాలు వచ్చాయి. ఇరవై ఏళ్లుగా నేను ఈ కంపెనీలో రిసెప్షన్ చూస్తున్నాను. నాకు నోరెక్కువంటారు. నోరు లేనివాళ్లకు రిసెప్షన్‌లో పనేమిటట?

మట్టెవాడ లాడ్జి పునాదికి రాళ్లు మోసినవాళ్లలో మా అమ్మ ఒకతె. కట్టినోళ్లు గదుల్లో దిగిన ఆ తొలిరోజు మాత్రం ఆమె వెళ్లలేదు. నాకు జ్వరమొస్తే దవాఖాన బెంచీ మీద నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత నాకు అక్కడే ఉద్యోగమొచ్చినా లోపలికి అడుగుపెట్టలేదు. టిఫిన్ డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చి గేటు నుంచే మళ్లిపోయేది. నాకు ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది.

నిరుడు ఆ లాడ్జిని పునాది దాకా కూల్చి, పాత పునాది మీదే కొత్త హోటల్ లేపారు. తొలిరోజు అతిథుల లిస్టు రాసే పని నాకే వచ్చింది. ఈ సైటులో పనిచేసినవాళ్ల పేర్లే ఉండాలన్నాడు ఇంజనీరు. నేను తిన్నగా పెద్దసారు దగ్గరికి పోయాను.

"సార్, పునాది పాతదే ఉంచిన్రు గద. ఆ రాళ్లు మోసినామె లిస్టుల ఉండాల్నా, వద్దా?"

"ఎవరామె?"

"మా అమ్మ."

ఆయన పెన్ను తీసి అమ్మ పేరు అడిగారు. లిస్టులో అన్నిటికన్నా పైన తనే రాశారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒప్పుకోలేదు. "నాకెందుకు బిడ్డా? ఆ మెత్తటి పరుపుల మీద నాకు నిద్ర పడ్తదా?"

"పట్టకుంటే కూసో. గని రావాలె," అని కసిరాను.

వచ్చింది. చర్చికి కట్టే చీర కట్టుకుంది. లాబీలో సోఫా ఉన్నా కూర్చోకుండా, చేతిసంచి పట్టుకుని గోడవారగా నిలబడింది. నేను లేచి, అందరు అతిథులకూ చెప్పినట్టే చెప్పాను. "నమస్కారమమ్మా, మీ గది సిద్ధంగా ఉంది." పుట్టి బుద్ధెరిగాక ఆమెను 'మీ' అనడం అదే మొదలు. అమ్మ, గది తలుపు తెరిచే కార్డును రెండు చేతులతో అందుకుని, మేస్త్రీ భార్య వెంట లిఫ్టెక్కింది.

పది నిమిషాల్లో దిగొచ్చేస్తుందని నా భయం. ఏదీ ముట్టుకోకుండా, ఆ కొత్త గదిలో ఒక మూలన నేల మీద ముడుచుకుని కూర్చుంటుందని కూడా. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల తిప్పి చూశాను.

ఇంతలో ఆ గది నుంచే ఫోను మోగింది.

"రిసెప్షనేనా? ఒక చాయ్ పంపియ్యున్రి. చక్కెర జర ఎక్కువెయ్యమనున్రి."

సొంత ఇంట్లో కూడా ఎవరినీ చాయ్ అడిగిన మనిషి కాదు మా అమ్మ. చాయ్, చక్కెర ఎక్కువ అని ఆర్డరు పుస్తకంలో రాసుకున్నాను.

"జల్దీ పంపాలె మల్ల," అని ఫోను పెట్టేసింది.