ఓబుళేసన్న వద్దన్నాడు

మా ఓబుళేసన్నకు నచ్చిన మాట లోకంలో ఒక్కటే: వద్దు. ఎదుటివాడు అడగడం పూర్తయ్యేదాకా ఆగే ఓపిక కూడా ఉండదు. "అన్నా, టీ..." అంటే "వద్దు" అంటూనే గ్లాసు అందుకుంటాడు. పెళ్లిచూపుల్లోనూ వద్దన్నాడట. "ఆ పొద్దే ఈయప్ప మాట నమ్మింటే బాగుపడేదాన్ని" అంటుంది ఉమాదేవి వదిన, ఆయనకు మారు వడ్డిస్తూ.

కళ్యాణదుర్గంలో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ కట్టుకునే ఈయన వద్దులను శాశ్వతం చేసిన ఘనత హనుమంతరాయుడిది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే ఈ కుర్రాడు మా జిల్లావాళ్ల ముచ్చట్ల కోసం బ్లాక్‌చెయిన్ మీద 'శెనక్కాయ' అనే యాప్ కట్టాడు. దానికి యజమాని లేడు. అందులో ఎక్కిన మాట నకళ్లుగా వందల కంప్యూటర్లలో ఉంటుంది; చెరపడం ఎవరి తరమూ కాదు. ఏ మార్పుకైనా సభ్యులు రాసో, నోటితో చెప్పో ఓటెయ్యాలి. ఒక్కరు వద్దన్నా వారం ఆగాలి. ఆ తర్వాత ఎక్కువ ఓట్లు ఎటుంటే అటు. ఈ నిబంధన రాసేనాటికి పాపం హనుమంతరాయుడికి ఓబుళేసన్న తెలియదు.

గుంపులకు పేర్లు పెడదామా? వద్దు. మాట వినడానికి నొక్కే పచ్చ బిళ్లను నీలం చేద్దామా? వద్దు. ఉగాది శుభాకాంక్షలు పెడితే దాని కిందా వద్దు.

హనుమంతరాయుడు ఫోన్ చేశాడు. "ఏమన్నా, అసలు సదివినావా?"

"ఓటేసినాక సదువుతాలే."

"వారం ఆగల్ల కదన్నా!"

"ఆగితే ఏమైతాదప్పా? వానకు ఆగుతాండాం, కరెంటుకు ఆగుతాండాం. నీ నీలం రంగుకు ఆగలేమా?"

వికేంద్రీకరణ, సామూహిక పాలన లాంటి మాటలు వింటే నాకు ఆవలింత వస్తుంది. అయినా ఆర్నెల్లుగా ఏమీ రాయని ఖాతాలు మూసేద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఉత్సాహంగా అవునన్నాను. రోజూ రాసేవాడికి రాయనివాడు దండగమనిషిలాగే కనిపిస్తాడు. ఓబుళేసన్న యథాప్రకారం వద్దన్నాడు. కడిగేద్దామని ఆయన వైండింగ్ షాపుకు వెళ్లాను.

"ఈసారన్నా సదివినావా అన్నా?"

"బండెక్కు" అన్నాడు.

కుందుర్పి దాటాక, గుట్ట వాలున గొర్రెలు మేపుతున్న నల్లమ్మ దగ్గర బండి ఆపాడు. ఆమె మెడలో గుడ్డసంచి, సంచిలో ఫోను. భర్త కుళ్లాయప్ప బెంగళూరులో మేస్త్రీ. ఆమె ఒక్కతే వినేలా దినామూ యాప్‌లో ఒక మాట పెడతాడట. నల్లమ్మ పచ్చ బిళ్ల నొక్కింది.

"మే! ఈ పొద్దు గూడా సాంబార్లో బెల్లమేసినారు! మనుషులేనా వీళ్లు?"

గొర్రెలు తలలెత్తాయి. నల్లమ్మ నవ్వింది.

"రోజూ ఇదేనా?" అన్నాను.

"దినామూ ఇదే సార్. బెల్లాన్ని తిడుతాండాడంటే బాగుండాడని."

"నువ్వేం పంపవా?"

"సెప్పేదేముండాది? ఇంటాండా కదా."

ఓబుళేసన్న నా వైపు వేలు చూపించాడు. "నల్లమ్మా, నువ్వు రాయలేదని ఈ సారూ వాళ్లంతా కుళ్లాయప్ప మాట రాకుండా మూసేస్తామంటాండారు. సరేనా?"

నల్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఓబుళేసన్న ఓటు తెరిచిచ్చిన ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గుట్ట అవతలి గొర్రెను అదిలించినట్టు అరిచింది. "వద్దు!"

బండి దగ్గరికి వస్తూ అడిగాను. "ప్రతి ఓటుకూ ఇట్లా తిరుగుతావా అన్నా? నీలం రంగుకు గూడా?"

"మరి? వద్దంటేనే గదా అడిగొచ్చేకి వారం దొరికేది. ఆయమ్మకు తెలిసింది ఆ పచ్చ బిళ్లొకటే. నీలం చేస్తే యాడ నొక్కల్ల?"

వారం తిరిగేసరికి కొత్తచెరువు నుంచి కుందుర్పి దాకా వద్దులే వద్దులు. కొన్నిటి వెనక మేకలు కూడా మద్దతిచ్చాయి. ప్రతిపాదన చిత్తుగా ఓడింది.

హనుమంతరాయుడు మంచి కుర్రాడు. ఓబుళేసన్నకు శాలువా కప్పి సన్మానం చేద్దామని వెంటనే కొత్త ప్రతిపాదన పెట్టాడు. అందరం అవునన్నాం. ఒక్క వద్దు పడింది. ఎవరిదో చెప్పక్కర్లేదు.

నియమం నియమమే. వారం ఆగాం. ఆ వారమంతా ఓబుళేసన్న బండి మాత్రం షాపు ముందు నుంచి కదల్లేదు.