అంటు తెలిసిన మనిషి

అంటుకుని ఉన్నది ఏది కనబడినా లాగి చూడనిదే వెంకటరాయప్పగారికి ఊపిరాడేది కాదు. సీసా మీది చీటీ, పెనం మీది దోసె, పెళ్లి ఫొటోలో ఒకరినొకరు ఆనుకుని నిలుచున్న దంపతులు, ఏదీ ఆయన పరీక్షకు అతీతం కాదు.

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా కంపెనీలో ఆయన ఉద్యోగమే అది. పొట్ట కోసి కుట్టాక, లోపలి గాయాలు మానుతూ మానుతూ పేగును పేగుకు అతికించేస్తాయి. అలా జరగకుండా మధ్యన పరిచే పలుచని పొరలను మేము తయారుచేసేవాళ్లం. కుందేళ్లలో వాటిని పరీక్షించి ఆయన మార్కులు వేసేవారు. దానంతటది విడిపోతే సున్నా, వేలితో లాగితే వస్తే ఒకటి, కత్తి కావలసివస్తే రెండు. సున్నాను మించిన ప్రశంస ఆయన నోట ఎవరూ వినలేదు.

ఒకసారి మా యజమాని హేమంత్‌కుమార్, పెట్టుబడి పెట్టవచ్చిన పెద్దమనిషి చేయి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"రెండప్పా. కత్తి కావల్ల," అన్నారు వెంకటరాయప్పగారు.

"సార్, ప్లీజ్! ఫండింగ్ మీటింగ్ ఇది."

"అందుకే మెల్లగ చెప్తిని."

జ్ఞానమంటే వేరుచేసి చూడడమని పెద్ద గ్రంథాలు చెబుతాయి. వేరుచేయడానికి జ్ఞానం అక్కరలేదని మా ఆఫీసు వంటగది నిరూపించింది.

అక్కడ కాఫీ పెట్టే భాగీరథమ్మకు గర్భసంచి తీసేసినప్పటి నుంచీ కడుపునొప్పి. ఆస్పత్రికి వెళ్లివచ్చి, "లోపల అంటుకొనుండాదంట," అని చెప్పింది. అంటు! విన్నవాళ్లు వెనక్కి జరిగారు. ఆమె గ్లాసు కిటికీలోకి చేరింది, ఆమె పెట్టిన కాఫీ సింకులోకి. రోజూ ఇంగ్లీషులో అమ్ముకునే జబ్బు తెలుగులో ఎదురయ్యేసరికి ఇంతమంది పట్టభద్రులలో ఒక్కరూ గుర్తుపట్టలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు హేమంత్‌కుమార్.

"ఇన్ఫెక్షన్ సార్. టీమ్ సేఫ్టీ చూసుకోవాలి కదా."

వెంకటరాయప్పగారు కిటికీలోని గ్లాసు అందుకుని, ఆమె సగం తాగి వదిలిన కాఫీని గటగటా తాగేశారు.

"సార్! అది అంటు!"

"అవునప్పా. పేగుకి పేగు అంటుకొనుండాది. నీకేల అంటుకొంటాది? నువ్వేమన్నా ఆయమ్మ పేగువా?"

హేమంత్‌కుమార్‌కు అప్పుడు వెలిగింది. "అడ్హీషన్ అని చెప్పొచ్చు కదా ఆమె?"

"నువ్వు అంటు అని రాయొచ్చు కదప్పా, మన సరుకు డబ్బాల మీద?"

లాగితే ఎంత నొప్పో కుందేలు చెప్పలేదు. భాగీరథమ్మ చెబితే వినేవాడు లేడు. ఆ నొప్పిని అంచనా కట్టడానికే ఆయన వేళ్లు కనబడినదాన్నల్లా లాగి చూసేవని, మేము పిచ్చి అని నవ్వుకున్నది అదేనని నాకు ఆ రోజు తెలిసింది.

ఆమె ఉద్యోగం నిలిచింది. క్షమించమని ఎవరూ అడగలేదు. చదువుకున్నవాళ్లు మరునాడు ఏమీ జరగనట్లు కాఫీ తాగారు. ఆయన గ్లాసు ఖాళీ చేసిన రోజున మండిపడింది భాగీరథమ్మ ఒక్కతే.

"నా కాఫీ తాగేస్తిరే! ఎంగిలి గింగిలి లేదా సార్ మీకు?"

"ఎంగిలి సరిపోయినాది. చక్కెరే జాస్తి ఉండాది."

ఆమె నవ్వబోయి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

"నవ్వించద్దండి సార్, లాగతాది!"