మొదటి పిడికెడు

మైపాడు దోవలో రొయ్యల గుంటల నడుమ ఉన్న ఆ ఊళ్లో, ఇన్నాసమ్మ ఎదురొస్తుంటే జనం పక్క సందులోకి తప్పుకునేవాళ్లు. అప్పులవాళ్లకైనా అంత జడవరు. ఆ ఊరి చర్చిలో, అంటే విచారణ గుడిలో, మిషన్ పనులకు చందాలు పోగుచేసే వేదవ్యాపక సంఘానికి ఆమె అధ్యక్షురాలు. శాలువా కప్పించుకుని కుర్చీలో కూర్చునే రకం కాదు, గడప ముందు నిలబడి అడిగే రకం.

అక్కడి కతోలిక ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేస్తారు. అక్టోబరులో మిషన్ ఆదివారం నాటికి ఆ బియ్యమంతా గుడికి చేరుతుంది. అది అమ్మగా వచ్చిన డబ్బు మేత్రాణులవారి, అంటే బిషప్పుగారి, ఆఫీసుకు, అక్కణ్ణించి ఎక్కడెక్కడి కొండల్లోనో ఉన్న మిషన్ బడులకూ ఆస్పత్రులకూ పోతుంది. వండుకునే బియ్యంలోంచే తీయాలని ఇన్నాసమ్మ పట్టు. తాము సన్నబియ్యం తింటూ ముంతలో కోటా బియ్యం పోసేవాళ్లుంటారు కదా, వాళ్ల పని అయిపోయినట్టే. గింజలు అరచేతిలో పోసుకుని, మీరు తినేది ఇవేనా అని నలుగురిలో అడిగేసేది. అబ్బో, ఆ నోటికి ఫాదర్ జ్ఞానప్రకాశంగారు కూడా అడ్డం వెళ్లేవారు కాదు.

కొన్నేళ్ల కిందట ఆమె ఇంకో పద్ధతి పెట్టింది. మిషనుకు బిడ్డనిచ్చిన ఇంట్లో మొదటి పిడికెడు తీసుకున్నాకే మిగతా ఇళ్లకు పోవాలి. అలాంటి ఇల్లు ఊళ్లో రెబెక్కమ్మది ఒక్కటే. భర్త లేని మనిషి, రొయ్యల షెడ్డులో తలలు గిల్లి ఒక్కగానొక్క కూతురు షారన్‌ని పెంచుకుంది. పిల్లకి మఠంలో చేరాలని ఉంది, తల్లికి పంపాలని లేదు. మధ్యలో దూరింది ఇన్నాసమ్మే. బియ్యం ఎవరైనా ఇస్తారు, బిడ్డనివ్వు అని వెంటపడి, ఏడిపించి, చివరికి ఒప్పించింది.

మొన్నటి వానల్లో జార్ఖండు కొండల్లో సిస్టర్ షారన్‌కి మలేరియా తలకెక్కింది. వాగు పొంగి జీపు దాటలేకపోయింది. ఆస్పత్రికి చేరకుండానే ప్రాణం పోయింది. మఠం పద్ధతి ప్రకారం అక్కడే మట్టి చేశారు. ఆ తల్లి తన బిడ్డను పూడ్చిపెట్టడం సెల్‌ఫోనులో చూసింది. ఆ ఫోను పట్టుకుని కూర్చున్నది కూడా ఇన్నాసమ్మే.

అప్పట్నించీ ఇన్నాసమ్మ నోరు పడిపోయింది. ఎవరి గుమ్మం ముందు నిలబడ్డా, బిడ్డనివ్వు అన్న తన మాటే తన చెవుల్లో గింగురుమనేది. సంఘం నుంచి దిగిపోతానని ఫాదర్‌గారితో చెప్పింది. ఆయన మిషన్ ఆదివారం కానివ్వమ్మా అన్నారు. తెల్లవారితే ఆదివారం. ఊళ్లో ముంతలన్నీ నిండి ఉన్నాయి, కానీ రెబెక్కమ్మ ఇంటిని దాటుకుని ఇవ్వడానికి ఏ ఆడదానికీ చేతులు రాలేదు.

శనివారం మధ్యాహ్నం ఇన్నాసమ్మ ఆ ఇంటికి సంచి లేకుండా వెళ్లింది. రెబెక్కమ్మ షెడ్డు నుంచి అప్పుడే వచ్చి, నీచువాసన పోయేందుకు చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటోంది. ఆ పద్ధతి తీసేశాననీ, సంఘం కూడా వదిలేస్తున్నాననీ ఇన్నాసమ్మ తలొంచుకుని చెప్పింది. క్షమించమని అడగాలనే వచ్చింది, కానీ నోటికొచ్చింది వేరే మాట.

"ఇంక ఎవుర్నీ ఏమీ అడగను రెబెక్కా. అడిగీ అడిగీ నీ కడుపు కాల్చినా," అంది.

రెబెక్కమ్మ లోపలికి పోయి ముంత తెచ్చి ఆమె ముందు బోర్లించింది. ఒక్క గింజ కూడా రాలలేదు. కూతురు పోయిన కాడినుంచి ఆమె పొయ్యి వెలిగించలేదు. షెడ్డులో పెట్టే ఆ రెండు ముద్దలే తిని బతుకుతోంది.

"నా బిడ్డను అడిగేదానికి నోరొచ్చింది గదక్కా నీకు. ఇప్పుడు పిడికెడు బియ్యం అడిగేదానికి రాలేదా?" అంది రెబెక్కమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వు మానేస్తే ఇదంతా ఉత్తదే అనుకుంటారు జనం. అప్పుడు నా షారన్ దేనికి పోయినట్టు? చెప్పు. అడుగు నన్ను."

అడగాల్సిన ఆ మాట ఇన్నాసమ్మ జీవితంలో ఎన్ని వందలసార్లు అన్నదో. ఆ రోజు ఒక్కో అక్షరమూ పెళ్లగించుకోవాల్సి వచ్చింది.

"మిషనుకు పిడికెడు బియ్యం పెట్టు, రెబెక్కా."

రెబెక్కమ్మ పొయ్యి వెలిగించింది. గిన్నెలో ఎసరు పెట్టి, ఒక మనిషికి సరిపడా బియ్యం కొలుచుకుని, అందులోంచి పిడికెడు తీసింది. పోయడానికి సంచి లేకపోయేసరికి ఇన్నాసమ్మ కొంగు పట్టింది. గింజలు కొంగులో పడుతుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. క్షమించాననే మాట ఆ ఇంట్లో రాలేదు. ఎసరు కాగుతోందనీ, పోయి మిగతా ఇళ్లు చూసుకోమనీ చెప్పి రెబెక్కమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఇన్నాసమ్మ కొంగు ముడి పట్టుకుని పక్కింటి గడప ముందు నిలబడింది. ఏడుపు ఆగుతుందేమోనని కాసేపు చూసింది. ఆగలేదు. ఏడుస్తూనే అడిగింది.