నాన్న తెచ్చిన పులిగోరు

నాకు అనుమానం ఎక్కువ. ఇది ఎవరో నా మీద వేసిన నింద కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. పాలవాడు వెళ్ళాక గిన్నెలో వేలు ముంచి చూస్తాను, తాళం వేసిన తలుపును మళ్ళీ లాగి చూస్తాను. ఎనభైలలో బాపట్ల కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పులి తన హద్దులోకి మరో పులి వచ్చిందేమోనని చెట్లనూ పొదలనూ వాసన చూస్తుందనీ, అప్పుడు పై పెదవి ఎత్తి, ముక్కు ముడిచి మొహం వికారంగా పెడుతుందనీ పాఠం చెబుతుంటే వెనక బెంచీల్లో నవ్వులు వినపడేవి. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నా మొహం అలాగే ఉంటుందట.

ఆ చదువులోకి నన్ను లాగింది ఒక పులిగోరు. మాది రేపల్లె. చిన్నపిల్లలు జడుసుకోకుండా మెళ్ళో పులిగోరు కట్టడం మా ఇళ్ళలో ఆనవాయితీ. నాకు నాన్న తెచ్చాడు. నల్లమలలో పనిచేసే స్నేహితుడు ఇచ్చాడనీ, ముసలితనంతో చచ్చిపోయిన పులిదనీ చెప్పేవాడు. నేను దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటే ఆ పులి సంగతులు చెప్పేవాడు. నడిచేటప్పుడు గోళ్ళను వేళ్ళలోకి లాక్కుంటుంది, అందుకే అడుగుజాడల్లో గోళ్ళ గుర్తులుండవు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. తల్లి దాదాపు రెండేళ్ళు పిల్లల్ని వెంట తిప్పుకుని వేట నేర్పుతుంది. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషికి ఇవన్నీ ఎలా తెలుసని నేనెప్పుడూ అడగలేదు. నా జీవితంలో నేను అనుమానించని మనిషి ఆయనొక్కడే.

నాన్న పోయిన మరుసటి ఏడు మా అబ్బాయి మొదటి పుట్టినరోజు వచ్చింది. అమ్మ పెట్టెలోంచి ఆ గోరు తీసి ఇచ్చింది. బంగారు తొడుగు వదులైపోయింది. తెనాలిలో మా వాళ్ళందరి నగలూ చేసే కంసాలి బాబాయి దగ్గరికి తీసుకెళ్ళాను. వారం తిరిగేసరికి కొత్త తొడుగుతో చేతికిచ్చాడు.

"గోరు మొదలు దగ్గర చిట్లిందమ్మా. ఆ ముక్క వదిలేసి బిగించాను. పాత తొడుగు ఇదిగోండి, లోపలి లక్క కూడా తీయలేదు" అంటూ ఒక కాగితం పొట్లం ఇచ్చాడు. పాత బంగారం రవ్వ పోకుండా తిరిగివ్వడం ఆయన పద్ధతి. పొట్లం విప్పకుండానే సంచిలో వేసుకున్నాను.

కొన్నాళ్ళకు పిల్లి కుటుంబం పాఠం వచ్చింది. గోరును క్లాసులో చూపిద్దామని తీసుకెళ్ళి, ముందుగా లెన్సు కింద పెట్టాను. పులిగోరు పొరలు పొరలుగా పెరుగుతుంది. చెట్టు బెరడును గీరినప్పుడు పైపొర ఊడి కింద కొత్త మొన బయటపడుతుంది. లోపలి వంపు వెంట సన్నని గాడి ఉంటుంది. దీనికి పొరా లేదు, గాడీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిన్నని గీతలు, వాటి మీద ఆకురాయితో అరగదీసిన గుర్తులు. గేదె కొమ్ము! కాల్చి చూసినా తేలదు. గోరుదీ కొమ్ముదీ ఒకే పదార్థం, రెండూ వెంట్రుక కాలిన వాసనే వేస్తాయి. అసలు కాల్చాల్సిన అవసరమే నాకు కనిపించలేదు. బెంగాల్ పులులు తరిగిపోయి, చట్టం వచ్చి, కొత్త గోళ్ళు దొరకని రోజులవి. పాత గోరు చేతికి చిక్కితే ఎవరు వదులుతారు?

వేటాడి దాచుకున్న మాంసం దగ్గరికి కూడా పులి తిన్నగా రాదు. దూరంగా చుట్టూ తిరిగి, ఆగి, చెవి పెట్టి విని, అప్పుడు వస్తుంది. నేను మాత్రం మర్నాడే తెనాలి రైలెక్కి తిన్నగా ఆయన మీద పడ్డాను.

"బాబాయ్ గారూ, మా గోరేదండి?"

"అదేనమ్మా మీ గోరు."

"ఇది కొమ్ము. నేను చదివిందే ఈ చదువు. నా దగ్గరా?"

ఆయన తల దించుకున్నాడు. "నేను మార్చలేదండి."

"అయితే ఇది కొమ్ము కాదంటారా?"

ఆయన చేతిలో పట్టకారు పక్కన పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. నాన్న ఆ పులి గురించి చెప్పినవన్నీ ఆ కొట్లో నిలబడి చెప్పి, ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటేనని ఏడ్చాను. బాబాయి "పాత తొడుగు మీ దగ్గరే ఉంది కదమ్మా. ఒకసారి చూసుకోండి" అన్నాడు. గోరు గురించి అడిగితే బంగారం మాటెత్తి తప్పించుకుంటున్నాడనుకున్నాను. దొంగ అనేసి బయటికొచ్చాను.

అమ్మకు చెప్పాను. అమ్మ పిన్నికి చెప్పింది. రేపల్లెలో, చుట్టుపక్కల ఊళ్ళలో మా వాళ్ళెవరూ మళ్ళీ ఆ కొట్టు గుమ్మం ఎక్కలేదు. నిజం చెప్పాలంటే నాకు తృప్తిగానే అనిపించింది.

ఆరేడేళ్ళ తర్వాత మా అమ్మాయికి చెవి రింగులు చేయిద్దామని ఆ పొట్లం తీశాను. బాపట్ల కంసాలి తూకంలో లక్క కలిపి మోసం చేస్తాడేమోనని, నా గుణం ఎక్కడికి పోతుంది, సూదితో లక్కంతా గీకాను. దానితో పాటు చిన్న ముక్క ఒకటి ఊడిపడింది. లెన్సు తెచ్చాను. అవే తిన్నని గీతలు. పులిగోరు మొదలు బోలుగా ఉంటుంది, లోపల ఎముక కూర్చోవాలి కాబట్టి. ఇది గట్టి కొమ్ము. నేను పసిదాన్నప్పుడు వేసిన తొడుగులో, ఎవరూ ముట్టని లక్క కింద ఉంది.

తెనాలికి ఇవ్వకముందు ఆ గోరును ఒక్కసారైనా లెన్సు కింద పెట్టానా? పోల్చడానికి రెండోది లేకుండా ఏదీ తేల్చకూడదని ప్రతి ఏడూ మొదటి క్లాసులోనే పిల్లలకు చెప్పేదాన్ని.

తెనాలి వెళ్తే ఆ కొట్లో ప్లాస్టిక్ సామాన్లు అమ్ముతున్నారు. బాబాయి ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరివో తెగిన గొలుసులు అతుకుతున్నాడు. ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"మీ నాన్నగారే మా నాన్న చేత చేయించారండి" అన్నాడు. "పిల్లదాని మెళ్ళో కట్టడానికి ఒక పులిని చంపాలా అన్నారు. గోరు కట్టకపోతే ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోరు కదండి. అందుకని కొమ్ముతో చేయించి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు."

"నేను దొంగ అన్నప్పుడైనా చెప్పాల్సింది కదండీ?"

"నోటిదాకా వచ్చిందమ్మా. మీరేమో నాన్నగారి పులి గురించి చెబుతూ ఏడుస్తున్నారు. ఇంకేం చెప్పను?"

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనే లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ సాయంత్రం ప్యాసింజర్‌లో రేపల్లె వెళ్ళి అమ్మకు చెప్పాను. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాక్కూడా చెప్పలేదా ఆయన! ఇంకా ఏమేం దాచాడో!" అని మండిపడింది. తర్వాత లేచి చెప్పులేసుకుంది. "పద, ముందు మీ పిన్నింటికి."

పిన్ని ముందు గోరూ ముక్కా రెండూ పెట్టాను. లెన్సు చేతికిచ్చి గీతలు చూపించాను. ఆ మనిషి దొంగ కాదు, తప్పంతా నాదేనని చెప్పాను. పిన్ని లెన్సులోంచి చూసింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పై పెదవి కాస్త ఎత్తి, ముక్కు ముడిచింది.

"ఏమోనే. ఆ పెద్దాయన మీద జాలిపడి చెబుతున్నావేమో. ఈ ముక్క ఇప్పుడు ఆయనే చేసివ్వలేదని నమ్మకం ఏంటి?"

పిన్ని స్థానంలో నేనుంటే సరిగ్గా అదే అడిగేదాన్ని.